పెదవికి స్పర్శ పోయిన నాదస్వర విద్వాంసుడు: ముఖం ఎముకల ఫ్రాక్చర్లు, పరిహార పిటిషన్ – ఒక కేస్ స్టడీ

నేను తిరుపతిలో మోటారు ప్రమాద పరిహార కేసులు నడిపే న్యాయవాదిని. ఇక్కడ రాస్తున్నది నా కక్షిదారు అయిన ఒక నాదస్వర విద్వాంసుడి కేసు. ఆయన అనుమతితో, పేర్లూ ఊళ్లూ ఆసుపత్రులూ బీమా కంపెనీ వివరాలూ తీసేసి రాస్తున్నాను. చేయో కాలో విరిగిన మనిషి కోర్టు మెట్లు ఎక్కుతుంటేనే నష్టం సగం అర్థమైపోతుంది. ముఖం ఎముకలు విరిగి, ఆపరేషన్ జరిగి, వాపు తగ్గిన మనిషి సాక్షి బోనులో నిలబడితే మాత్రం చూసేవారికి బాగానే కనిపిస్తాడు. ఆ కనిపించని నష్టాన్ని కాగితం మీదికి తేవడానికి మాకు దాదాపు రెండేళ్లు పట్టింది. అందులో కొంత ఆలస్యానికి నా పొరపాటు కూడా కారణం.

2023 ఫిబ్రవరిలో, పెళ్లిళ్ల రోజుల్లో, తిరుచానూరులో తెల్లవారుజాము ముహూర్తం ముగించుకుని ఈయన, వెనుక డోలు విద్వాంసుడు ద్విచక్ర వాహనంపై చంద్రగిరి వైపు బయలుదేరారు. ఇంకా చీకటిగానే ఉంది. టైరు పంక్చరైన ఒక లోడు లారీని డ్రైవరు సగం రోడ్డు మీదే వదిలి మెకానిక్ కోసం వెళ్లాడు. మన రోడ్ల మీద బండి ఆగిపోతే వెనుక రెండు రాళ్లు, నాలుగు పచ్చి కొమ్మలు పెట్టడం పల్లెటూరి ట్రాక్టరు డ్రైవరుకు కూడా తెలిసిన జాగ్రత్త. అక్కడ అవేవీ లేవు, వెనుక దీపమూ వెలగడం లేదు. ఎదురుగా వస్తున్న బస్సు లైట్ల వెలుగులో లారీ వెనుక భాగం కనబడేసరికి దూరం మిగల్లేదు. ఈయన ముఖం లారీ వెనుక ఇనుప పట్టీకి కొట్టుకుంది. తలకు హెల్మెట్ ఉంది గాని, అది గడ్డం దగ్గర రక్షణ లేని సగం హెల్మెట్. వెనుక కూర్చున్న ఆయనకు మణికట్టు విరిగింది.

మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో గడ్డం మీది చీలికకు కుట్లు వేశారు, తలకు సి.టి. తీశారు, మెదడుకు దెబ్బ లేదని తేల్చి రెండో రోజు ఇంటికి పంపారు. పోలీసులకు ఇచ్చిన ఊండ్ సర్టిఫికెట్‌లో, అంటే గాయాల ధృవపత్రంలో, గడ్డం మీద చీలిక, ఎడమ చెంపపై వాపు, ఎడమ కంటి చుట్టూ నలుపు అని రాసి, చివర ‘సింపుల్’ అని పెట్టారు. ఎఫ్.ఐ.ఆర్. కూడా దానికి తగినట్టే అప్పటి భారతీయ శిక్షాస్మృతి 337 సెక్షన్ కింద, అంటే మామూలు గాయం కింద నమోదైంది. పరిహారం కేసులో మొదటి మలుపు ఈ ఒక్క మాట దగ్గరే ఉంటుంది. భారతీయ శిక్షాస్మృతి 320వ సెక్షన్ ప్రకారం ఎముక గాని పన్ను గాని విరిగితే అది తీవ్ర గాయం, ముఖం శాశ్వతంగా వికృతమైనా అంతే. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే నిర్వచనం 116వ సెక్షన్‌లో ఉంది. ఫ్రాక్చరు ఉందని తెలియకుండా రాసిన సర్టిఫికెట్ తర్వాతి కాగితాలన్నిటినీ తనవైపు లాక్కుపోతుంది.

ప్రమాదం జరిగిన పదిహేను రోజులకు వాపు తగ్గిన తర్వాత అసలు సంగతి బయటపడింది. పై పళ్లూ కింది పళ్లూ కలవడం లేదు. నోరు రెండు వేళ్ల మందం కూడా తెరుచుకోవడం లేదు. పైకి చూస్తే ఒక్క వస్తువు రెండుగా కనిపిస్తోంది. నా ఆఫీసులో తన తమ్ముడి పక్కన కూర్చుని ఆయన మొదట చెప్పిన మాట మాత్రం ఇవేవీ కాదు. “ఊదితే గాలి పక్కకు పోతాండాది సార్, పెదివి ఉందో లేదో తెలియడం లే,” అన్నాడు. ఆ మాట విలువ నాకు ఆ రోజు అర్థం కాలేదు.

ముఖం ఎముకల సర్జన్ దగ్గర దవడ మొత్తం ఒకే ఫిలింలో వచ్చే ఓ.పి.జి. ఎక్స్‌రే, ముఖానికి సి.టి. తీశారు. ఎడమ చెంప ఎముక, దానితో పాటు కంటి గూటి అడుగున ఉండే పలుచని ఎముక విరిగి ఉన్నాయి. కింది దవడ రెండు చోట్ల విరిగింది: గడ్డానికి కాస్త కుడి పక్కన ఒకటి, ఎడమ చెవి ముందు కీలు దగ్గర ఇంకొకటి. ఆ జంట యాదృచ్ఛికం కాదని సర్జన్ వివరించారు. గడ్డం మీద బలంగా దెబ్బ తగిలితే ఆ బలం విల్లులాంటి దవడ వెంబడి ప్రయాణించి ఎదుటి వైపు కీలు దగ్గర ఎముకను విరుస్తుంది. అందుకే గడ్డం మీద కోత కనిపించిన ప్రతి రోగికీ రెండు చెవుల ముందు నొక్కి చూడాలి, పళ్లు సరిగా కలుస్తున్నాయా అని అడగాలి. మెదడు కోసం తీసే సి.టి. సాధారణంగా కపాలం అడుగు దగ్గరే ఆగిపోతుంది. కింది దవడ అందులో రాదు. ‘సి.టి. తీశారు, ఏమీ లేదు’ అన్న మాటతో మన దగ్గర ఎంతోమంది ఇంటికి వెళ్లిపోతారు, ఆ సి.టి. దేనికి తీశారో ఎవరూ అడగరు.

ప్రమాదమైన పంతొమ్మిదో రోజున ఆపరేషన్ జరిగింది. అప్పటికే వంకరగా అతుక్కోవడం మొదలైన ఎముకను విడదీసి, సరిచేసి, టైటానియం ప్లేట్లు బిగించారు. కంటి గూటి అడుగును సరిచేశారు. కీలు దగ్గర కోయకుండా పై పళ్లనూ కింది పళ్లనూ కలిపి కట్టి కొన్ని వారాలు ఉంచారు. ఆ వారాలన్నీ జావ, మజ్జిగ, పళ్లరసం. ఎముకలు అతుక్కున్నాయి గాని నరాలు కోలుకోలేదు. కంటి గూటి కింద నుంచి వచ్చే నరం ఎడమ చెంపకూ పై పెదవికీ స్పర్శనిస్తుంది. కింది దవడ ఎముక లోపలి నుంచి వచ్చే నరం కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది. ఈయనకు పై పెదవి ఎడమ సగం, కింది పెదవి కుడి సగం మొద్దుబారిపోయాయి.

పిటిషన్ 2023 జులైలో వేశాం. 2019 సవరణ తర్వాత, 2022 ఏప్రిల్ 1 నుంచి, మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల పిటిషన్ వేయాలి. చికిత్స పూర్తయ్యాక చూద్దామని ఆగే అలవాటు మన వాళ్లలో బలంగా ఉంది, కాబట్టి ఈ గడువును మొదటి రోజే కక్షిదారుకు చెప్పాలి. లారీ యజమాని తమిళనాడు మనిషి అయినా, ప్రమాదం జరిగిన చోటా బాధితుడు నివసించే చోటా ఇక్కడే కాబట్టి ఇక్కడి మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌కు అధికారం ఉంది. ఆ విషయంలో వాదన ఏమీ రాలేదు.

నా పొరపాటు ఈ దశలోనే జరిగింది. గడువు దగ్గరపడిందన్న తొందరలో మా ఆఫీసు మూసలోనే పిటిషన్ తయారైంది. వృత్తి దగ్గర ‘వ్యవసాయ కూలీ’ అని పడింది, ఎందుకంటే ఆయన తనకు ఎకరం పొలం ఉందని గుమాస్తాకు చెప్పాడు. గాయాల దగ్గర ‘ముఖముపై తీవ్ర రక్తగాయములు, ఎముకలు విరుగుట’ అని ఒక్క వాక్యం. నేను చదివే సంతకం చేశాను. కొన్ని వారాల తర్వాత ఆయన ఇంటికి వెళ్లినప్పుడు గోడకు ఆనించి, పట్టుబట్ట చుట్టి పెట్టిన నాదస్వరం చూశాను. అప్పుడు గాని ఆయన మొదటి రోజు చెప్పిన మాట నాకు అర్థం కాలేదు. సవరణ దరఖాస్తు వేసి వృత్తి, గాయాలు, నరాల నష్టం అన్నీ వివరంగా చేర్చాం. ట్రైబ్యునల్ సవరణకు ఒప్పుకుంది గాని, ‘మొదట కూలీ అన్నారు, తర్వాత విద్వాంసుడయ్యారు’ అని బీమా న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగిన ప్రతిసారీ ఆ బాణం తగిలింది నా కక్షిదారుకే.

ఈలోగా రెండు ప్రలోభాలు వచ్చాయి. మోటారు వాహనాల చట్టంలోని 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు తీసుకోవచ్చు, గొడవ ఉండదు అని ఒక మధ్యవర్తి తమ్ముడికి నచ్చజెప్పాడు. తర్వాత లోక్ అదాలత్‌లో బీమా కంపెనీ 7 లక్షలకు రాజీకి వచ్చింది. ఇంట్లో అప్పులున్నాయి, ఆపరేషన్‌కు తాకట్టు పెట్టిన నగలున్నాయి. రాజీ వద్దని చెప్పడం న్యాయవాదికి అంత తేలిక కాదు, ఎందుకంటే ఓడిపోతే అప్పు తీర్చేది మనం కాదు. ఆయన భార్య ఒక్క ప్రశ్న వేసింది: “ఆయన మళ్లా ఊదుతారా సార్?” ఊదలేరనే సర్జన్ అభిప్రాయపడ్డారని చెప్పాను. అలాగైతే రాజీ వద్దని ఆమే తేల్చింది.

ఆసుపత్రి మీద కూడా కేసు వేద్దామా అని తమ్ముడు అడిగాడు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉంది, దానికి రెండేళ్ల గడువు. కాని జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, వైద్యుడి అంచనా తప్పడం ఒక్కటే నిర్లక్ష్యం కాదు. ఆ వృత్తిలో మామూలు నైపుణ్యం ఉన్నవాడు చేయవలసింది చేయలేదని రుజువు కావాలి. నిపుణుడి సాక్ష్యంతో అది రుజువు చేయగలమేమో గాని, అదే సమయంలో లారీ బీమా కంపెనీ చేతికి ‘నష్టం లారీ వల్ల కాదు, ఆసుపత్రి వల్ల’ అనే వాదనను మేమే అందించినట్టవుతుంది. పంతొమ్మిది రోజుల ఆలస్యం పళ్ల కలయికను చెడగొట్టింది గాని, నరాలు దెబ్బతిన్నది ప్రమాద క్షణంలోనే అని సర్జన్ స్పష్టంగా చెప్పారు. అందుకని నేను వద్దన్నాను. వేరే న్యాయవాది వేరే సలహా ఇచ్చి ఉండవచ్చు.

బీమా కంపెనీ మొదటి వాదన ఊహించినదే: ఊండ్ సర్టిఫికెట్‌లో ఫ్రాక్చర్ల మాట లేదు, అవి తర్వాత ఇంకెక్కడో పడితే అయినవి. దీనికి జవాబు మొదటి ఆసుపత్రి ఇచ్చిన సి.డి.లోనే దొరికింది. మెదడు సి.టి.లో దవడ రాదు గాని, కింది వరుస చిత్రాల్లో కంటి గూళ్లూ చెంప వెనుక గాలి గదుల పై భాగమూ వస్తాయి. ఆ సి.డి.ని మరో రేడియాలజిస్టుకు చూపించాం. ఎడమ చెంప గాలి గదిలో రక్తం నిలిచి ఉందని, కంటి గూటి అడుగు తెగి ఉందని ఆయన నివేదిక ఇచ్చి, వచ్చి సాక్ష్యం చెప్పారు. ప్రమాదం జరిగిన మూడు గంటలకు తీసిన చిత్రంలోనే ఎముక విరిగి కనబడుతుంటే, తర్వాత పడ్డాడన్న వాదనకు చోటు లేదు. ఈ నివేదిక, సర్జన్ రికార్డులు పెట్టుకుని పోలీసులకు వినతిపత్రం ఇస్తే, వారు రెండో ఊండ్ సర్టిఫికెట్ తెప్పించి సెక్షన్‌ను తీవ్ర గాయానికి వర్తించే 338కి మార్చి ఛార్జిషీటు వేశారు. సి.డి.లు గీతలు పడతాయి, ఆసుపత్రి కంప్యూటర్లలో చిత్రాలు చెరిగిపోతాయి. కక్షిదారు మొదటిసారి వచ్చిన రోజే వాటి నకలు తీసి పెట్టుకోవడం ఇప్పుడు మా ఆఫీసులో నియమం.

రెండో వాదన, వెనుక నుంచి వచ్చి గుద్దినవాడిదే తప్పు అని. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ఇతరులకు ప్రమాదం కలిగే విధంగా బండిని రోడ్డు మీద వదలకూడదని చెబుతోంది. 2018లో అర్చిత్ సైనీ కేసులో, రోడ్డు మధ్య లైట్లు లేకుండా నిలిపిన ట్యాంకరును కారు ఢీకొన్నప్పుడు, కారు నడిపిన వ్యక్తిది కూడా తప్పేనన్న హైకోర్టు నిర్ణయాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మోటారు వాహనాల ఇన్స్‌పెక్టర్ నివేదికలో వెనుక దీపం పనిచేయలేదని ఉంది. పోలీసుల రఫ్ స్కెచ్‌లో లారీ చక్రాలు అంచు తెల్లగీతకు లోపల, అంటే రోడ్డు మీదే ఉన్నాయి. అయినా ట్రైబ్యునల్ మా వైపు పది శాతం తప్పు ఉందని తేల్చింది, తనకు ఎదురు లైట్లు పడుతున్నా వేగం తగ్గించలేదని ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి. నిజం చెప్పినందుకు పది శాతం పోయిందని ఆయన తమ్ముడు బాధపడ్డాడు. నేను మాత్రం ఆ జవాబు వల్లే మిగిలిన సాక్ష్యాన్నంతా ట్రైబ్యునల్ నమ్మిందని అనుకుంటున్నాను. హెల్మెట్ గురించి కూడా వాదించారు. హెల్మెట్ తీరు గాయం తీవ్రతకు కారణం కావచ్చు గాని లారీని చీకట్లో నిలిపినందుకు కారణం కాదని ట్రైబ్యునల్ దాన్ని పక్కన పెట్టింది.

అసలు పోరాటం వైకల్యం శాతం దగ్గర జరిగింది. వెనుక కూర్చున్న డోలు విద్వాంసుడి పిటిషన్ వేరుగా నడిచింది. ఆయన మణికట్టు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలిచి, పట్టిక చూసి, డాక్టరు శాతం చెప్పేశారు. ముఖానికి అంత సూటి కొలత లేదు. నోరు 24 మిల్లీమీటర్లే తెరుచుకుంటోందని, పైకి చూస్తే ఇంకా రెండుగా కనిపిస్తోందని, పెదవులకు స్పర్శ లేదని చూసి సర్జన్ మొత్తం మీద 20 శాతం శాశ్వత వైకల్యం అని ధృవపత్రం ఇచ్చారు. వైద్యం దృష్టిలో అది న్యాయమైన అంకే. కాని రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: డాక్టరు చెప్పిన శరీర వైకల్యం శాతం వేరు, సంపాదించే శక్తిలో కలిగిన నష్టం వేరు. మొదటిది డాక్టరు చెబుతాడు, రెండోది ఆ మనిషి చేసే పనిని చూసి ట్రైబ్యునల్ నిర్ణయించాలి.

అప్పుడు నాదస్వరం అంటే ఏమిటో కోర్టుకు చెప్పవలసి వచ్చింది. ఆ వాద్యం పైన ఉండే సీవాళి రెండు పలకల రెల్లు ముక్క. దాన్ని రెండు పెదవుల మధ్య ఎంత ఒత్తిడితో పట్టాలి, ఊపిరి ఎంత వదలాలి అన్నదాని మీదే స్వరం నిలుస్తుంది. వేళ్లు రంధ్రాలు మూస్తాయి, గమకంలో సన్నని మెలికలు మాత్రం పెదవీ దవడా ఊపిరీ కలిసి పలికిస్తాయి. స్పర్శ లేని పెదవికి ఎంత ఒత్తుతోందో తెలియదు. పూర్తిగా తెరుచుకోని దవడ నోటి లోపల గాలికి చోటు ఇవ్వదు. ఒక విశ్రాంత నాదస్వర ఉపాధ్యాయుడు వచ్చి, తన ముందు ఆయన ఊదినప్పుడు శ్రుతి నాలుగు క్షణాలు కూడా నిలవలేదని, మొద్దుబారిన వైపు నుంచి గాలి జారిపోతోందని సాక్ష్యం చెప్పారు. సర్జన్ సమక్షంలో ఊదించి వీడియో తీశాం. పిటిషన్ 2023 నాటిది కాబట్టి పాత సాక్ష్య చట్టం 65-బి కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధృవపత్రం జతచేసి దాఖలు చేశాం. కళ్లు మూసుకుని ఉండగా పెదవి మీద దూది తాకించి, తాకిందా అని అడిగే పరీక్ష కూడా అందులో ఉంది. “మీరు మాట్లాడుతున్నారు, భోజనం చేస్తున్నారు, ఇంకేం కావాలి?” అని బీమా న్యాయవాది అడిగారు. “మాట్లాడేదానికి నాకెవరూ డబ్బియ్యరు స్వామీ,” అని ఆయన బదులిచ్చాడు. ఆ ప్రశ్న, జవాబు రెండూ తీర్పులో ఉన్నాయి.

ఆదాయం రుజువు చేయడం మరో కష్టం. మేళానికి జీతపు చీటీ ఉండదు. ముహూర్తాల తేదీలు రాసుకున్న మూడేళ్ల డైరీలు, అడ్వాన్సులు వచ్చిన ఫోన్‌పే వివరాలు, రెండు కల్యాణ మండపాల నిర్వాహకుల సాక్ష్యం, ఒక పురోహితుడి సాక్ష్యం పెట్టాం. మూఢాల్లోనూ ఆషాఢంలోనూ పెళ్లి మేళాలు ఉండవని మేమే ముందుగా చెప్పి, ఏడాది మొత్తం మీద సగటు చూపించాం. నెలకు 25,000 అడిగితే ట్రైబ్యునల్ 15,000 ఒప్పుకుంది. వయసు 34, సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం, అంటే వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె, 16. స్వయం ఉపాధిలో నలభై ఏళ్ల లోపు వారికి భవిష్యత్ ఆదాయ వృద్ధి కింద 40 శాతం కలపాలని ప్రణయ్ సేఠీ తీర్పులో ఉంది, గాయాల కేసులకు కూడా అది వర్తిస్తుందని 2018లో జగదీశ్ కేసులో, 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన నెలకు 21,000, పదహారేళ్లకు 40,32,000. బీమా కంపెనీ కోరిన 20 శాతమైతే 8,06,400 వచ్చేది. ట్రైబ్యునల్ సంపాదన శక్తి నష్టాన్ని 60 శాతంగా నిర్ణయించింది: పిల్లలకు పాఠం చెప్పుకోవచ్చు, పొలం చూసుకోవచ్చు, మేళం మాత్రం వాయించలేరు అని. అది 24,19,200. దానికి ఆసుపత్రి బిల్లులు 2,86,000, మనిషి తోడు, ప్రయాణాలు, ఆహారం కింద 40,000, ఆరు నెలల ఆదాయం 90,000, నొప్పి, బాధ కింద 1,50,000, ముఖ వికృతికీ జీవిత సౌఖ్యం కోల్పోయినందుకూ 1,50,000, ప్లేట్లు తీయడానికీ పళ్లు కట్టించడానికీ 1,20,000 కలిపితే 32,55,200. పది శాతం తీసేయగా 29,29,680 రూపాయలు, పిటిషన్ వేసిన నాటి నుంచి 7.5 శాతం వడ్డీతో.

60 శాతం తక్కువేనని నా అభిప్రాయం. ఊదలేని విద్వాంసుడికి శిష్యులు ఎంతకాలం వస్తారు? అయినా ఆయన అప్పీలుకు ఇష్టపడలేదు. బీమా కంపెనీ మాత్రం మోటారు వాహనాల చట్టం 173వ సెక్షన్ కింద హైకోర్టుకు అప్పీలు వెళ్లింది. సగం మొత్తం డిపాజిట్ చేయాలన్న షరతుతో స్టే వచ్చింది. డిపాజిట్ అయిన దాంట్లోంచి తీసుకున్న మొదటి డబ్బుతో నగలు విడిపించారు, మిగిలింది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంది.

ఇటీవల సర్జన్ మళ్లీ పరీక్షించారు. గడ్డం కుడి మూల దగ్గర దూది తాకితే ఇప్పుడు కొద్దిగా తెలుస్తోంది, పెదవి అంచున మాత్రం తెలియడం లేదు. ఆ కాగితం మాకు పూర్తిగా అనుకూలం కాదు. నరం ఇంకా కోలుకుంటోందని అవతలి వాళ్లు వాదించవచ్చు. దాన్ని దాచడం సరికాదని ఆయనకు చెప్పాను, ఆయనా ఒప్పుకున్నాడు. సీవాళి ఆనేది గడ్డం మూలకు కాదు, పెదవి అంచుకు అని సర్జన్ చేత వివరంగా రాయించి, రెండు నివేదికలనూ కలిపి అప్పీలు ఫైలులో పెట్టాను.